వెంటిలేటర్ మీద మెలకువగా ఉన్న మనిషికి భయం తగ్గాలంటే

తమ్ముడూ, మీ నాన్నగారికి 62 ఏళ్లు, న్యుమోనియాతో ఐసీయూలో చేరి ఇవాళ్టికి ఆరో రోజు అని రాశారు. వెంటిలేటర్ మీదే ఉన్నారు. మత్తు తగ్గించాక మెలకువ వచ్చింది కానీ బెదిరిపోయి చూస్తున్నారు, గొట్టం పీకబోతే చేతులు కట్టారు. మిమ్మల్ని పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట మాత్రమే లోపలికి పంపుతున్నారు. "ఆ పావుగంటలో నాన్న మనసు ఆ భయం మీంచి కాస్త మళ్లించడానికి నేనేం చేయగలను? పాటలు పెడితే మంచిదేనా?" అని అడిగారు. నేను మొదట గుంటూరులో, తర్వాత హైదరాబాద్‌లో, మొత్తం 21 ఏళ్లు ఐసీయూలోనే సిస్టర్‌గా చేశాను. మీరు చేయగలిగింది చాలా ఉంది. ఆ రెండు పావుగంటలు మందులతో సమానంగా పనిచేసిన రోజులు నేను చూశాను.

పాటల సంగతికి ముందు ఒకటి తేల్చుకోవాలి. ఆయన కంగారుకి ఒంట్లో కారణం ఏదైనా ఉందా? ఆక్సిజన్ తగ్గినా, నొప్పి ఉన్నా, జ్వరం పెరిగినా, షుగర్ పడిపోయినా మనిషి అలాగే కొట్టుకుంటాడు. యూరిన్ గొట్టం మడత పడి పొట్ట ఉబ్బినా అంతే. నాలుగు రోజులుగా విరేచనం కాకపోతే అదీ నరకమే. ఇవేవీ మాటలతోనో పాటలతోనో మళ్లేవి కావు. "మా నాన్నకి నొప్పి ఉందేమో ఒకసారి చూస్తారా సిస్టర్?" అని నెమ్మదిగా అడగండి. ఎవరూ తప్పు పట్టరు.

ఇంకో మాట, దయచేసి దాచకండి. ఆయనకి రోజూ మందు తాగే అలవాటు ఉంటే, లేదా సిగరెట్, ఖైనీ, గుట్కా ఉంటే డాక్టర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎంత తాగుతారో కూడా చెప్పండి. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో వణుకు, భ్రమలు, విపరీతమైన భయం మొదలవుతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. దానికి వేరే వైద్యం ఉంది. పరువు పోతుందని దాచిన ఇళ్లు చాలా చూశాను. భార్య పక్కకి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నాలుగో రోజున చెబుతుంది. మొదటి రోజే చెప్పి ఉంటే ఆ మనిషికి మూడు రోజుల బాధ తప్పేది.

సరే, డాక్టర్లు అవన్నీ చూశారు, ఇది భయమే అన్నారు అనుకుందాం. ఆయన మంచం మీద నుంచి ఒక్కసారి చూడండి. గొట్టం స్వరపేటిక మధ్య నుంచి లోపలికి వెళ్తుంది కాబట్టి గొంతు పెగలదు. గొంతు పోయిందేమో, ఇక ఎప్పటికీ మాట రాదేమో అని చాలామంది అనుకుంటారు. ఆ సంగతి వాళ్లకి చెప్పేవాళ్లే ఉండరు. కళ్లద్దాలు లేవు, కట్టుడు పళ్లు లేవు, పైన ట్యూబులైటు, పగలో రాత్రో తెలియదు. పక్క బెడ్ అలారం మోగినా తన ప్రాణమే పోతోందనుకుంటారు. అంత అయోమయంలో ఉన్న మనిషి మనసుని ఎటు మళ్లిస్తాం? ముందు కాలు నిలదొక్కుకోవాలి కదా.

అందుకని మొదటి రెండు నిమిషాలు ఇలా చేయండి. ఆయనకి ముఖం కనిపించేలా వంగి, చేయి పట్టుకుని, మామూలు గొంతుతో చెప్పండి: "నాన్నా, నేను. ఇవాళ బుధవారం, పొద్దున పదిన్నర అయింది. ఊపిరితిత్తులకి నిమ్ము చేరితే హాస్పిటల్లో ఉన్నావు. ఈ గొట్టం వల్ల మాట రావట్లేదు, తీసేశాక వస్తుంది. ఆ మోత పక్కాయన మిషన్‌ది, నీది కాదు." నిన్న చెప్పారు కదా అనుకోకండి, ప్రతిసారీ మళ్లీ కొత్తగా చెప్పండి. మత్తు మందుల మధ్య నిన్నటిది ఆయనకి గుర్తుండకపోవచ్చు. కళ్లద్దాలు పెట్టండి. చెవి మిషన్ వాడేవారైతే అదీ తెచ్చి పెట్టండి. ఈ రెండూ ఇంట్లో బీరువాలో ఉండి, మనిషి ఇక్కడ సగం గుడ్డిగా, సగం చెవిటిగా పడి ఉండటం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

ఇక పాటలు. ఇక్కడ నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి, ఎందుకంటే ఇదే పొరపాటు ఇప్పటికీ అందరూ చేస్తున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన వెంటిలేటర్ మీద బాగా కంగారు పడుతుంటే, మనశ్శాంతిగా ఉంటుందని భగవద్గీత శ్లోకాలు తక్కువ సౌండ్‌లో దిండు పక్కన పెట్టాను. ఆయన పల్స్ 96 నుంచి 130కి వెళ్లింది. తల అటూ ఇటూ కొట్టుకుంటున్నారు, కళ్ల వెంట నీళ్లు. నాకేమీ అర్థం కాలేదు. సాయంత్రం వాళ్ల కోడలు వచ్చి, విని, గబగబా ఆపేసింది. "మా ఊళ్లో ఎవరైనా పోతేనే మైకులో ఇవి పెడతారండీ" అంది. నేనూ ఊళ్లోనే పుట్టాను, నాకూ తెలుసు. కానీ ఆ క్షణంలో తట్టలేదు. కాళ్లూ చేతులూ కదలని మనిషి చెవిలో, నువ్వు పోయావు అని చెప్పినట్టు చేశాను. ఆ రోజు నుంచి రోగిని అడగకుండా ఏ శబ్దమూ పెట్టలేదు.

భక్తి పాటలు వద్దని కాదు. ఆయన రోజూ తెల్లవారుజామున లేచి వినేవారైతే అదే పెట్టండి, దానికి మించింది లేదు. చర్చి పాటలైనా, ఖవాలీ అయినా, పాత సినిమా పాటలైనా అంతే. అది ఆయనది అయి ఉండాలి, ఆయన ఒప్పుకోవాలి. ఇలా రోగి ఇష్టానికే వదిలి చూసిన అధ్యయనం ఒకటి ఉంది. అమెరికాలో మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలోని ఐదు ఆసుపత్రుల్లో, 12 ఐసీయూల్లో, శ్వాస సాయం మీద ఉన్న 373 మందితో చేశారు, 2013లో ఫలితాలు వచ్చాయి. ఒక గుంపుకి తమకు నచ్చిన సంగీతం, హెడ్‌ఫోన్లు ఇచ్చి, ఎప్పుడు వినాలో ఎంతసేపు వినాలో వాళ్లకే వదిలేశారు. వాళ్లు సగటున రోజుకి 80 నిమిషాలు విన్నారు. మామూలు వైద్యం మాత్రమే అందిన వాళ్లకంటే వీళ్ల ఆందోళన వంద పాయింట్ల కొలతలో 19.5 పాయింట్లు తక్కువగా ఉంది, మత్తు మందుల అవసరం కూడా తగ్గింది. నా అనుభవంలో పాట ఎంత పనిచేస్తుందో, 'ఆపు' అంటే ఆగుతుందన్న నమ్మకం కూడా అంతే పనిచేస్తుంది. అక్కడ ఆయన చేతిలో ఉన్నది మరేదీ లేదు. సూది ఎప్పుడు గుచ్చుతారో, ఎప్పుడు పక్కకి తిప్పుతారో, అన్నీ ఇంకొకరి ఇష్టమే. ఒక్క పాటైనా ఆయన చేతిలో ఉండనివ్వండి.

ఎలా పెట్టాలంటే: చెవుల మీద కూర్చునే హెడ్‌ఫోన్ తీసుకోండి, వైరు లేనిదైతే గొట్టాలకి తట్టుకోదు. సిస్టర్‌ని అడిగి, స్పిరిట్ దూదితో తుడిచి పెట్టండి. మనం పిలిస్తే వినపడేంత సౌండ్ చాలు. ఒక్కోసారికి ఇరవై నిమిషాలు, అరగంట చాలు, నిద్రపోతే తీసేయమనండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి (వైరు లేని హెడ్‌ఫోన్ అయితే బ్లూటూత్ మాత్రం ఆన్‌లో ఉంచండి), లేకపోతే పాట మధ్యలో ఎవరో బంధువు ఫోన్ చెవిలో గణగణ మోగుతుంది. హుషారు పాటలకంటే నిదానంగా సాగేవి మేలు. పాట మారినప్పుడల్లా "ఇది ఉంచనా?" అని అడగండి. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కళ్లు ఆర్పమనండి, లేదా వేలు ఎత్తమనండి. ముందే ఇది ఒప్పందం చేసుకుని, అదే గుర్తు సిస్టర్లకి కూడా చెప్పి వెళ్లండి.

పాటలకంటే నేను ఎక్కువ నమ్మేది మాట. అదీ ఏదో ఒక మాట కాదు. గుంటూరులో పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక మిర్చి రైతు మా దగ్గర పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. కొడుకు రోజూ వచ్చి "నాన్నా ధైర్యంగా ఉండు, నీకేం కాదు" అనేవాడు. ఆయన ముఖం తిప్పేసుకునేవాడు. ఒకరోజు ఏమీ తోచక కొడుకు "మిర్చి యార్డులో ఇవాళ తేజ రకం రేటు కాస్త పెరిగింది" అన్నాడు. పెద్దాయన కళ్లు ఇటు తిరిగాయి. కట్టేసిన చేతి వేళ్లు కదిలాయి. చేయి విప్పాం. రెండు వేళ్లు చూపించాడు, తర్వాత అరచేయి బోర్లా తిప్పాడు. కొడుకుకి అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది: కోల్డ్ స్టోరేజీలో ఉన్న రెండు లాట్లు అమ్మొద్దు, ఆపు అంటున్నాడు! ఇద్దరూ ఆ పావుగంటా మూడెకరాల కాయ గురించి సైగలతో వాదించుకున్నారు. మానిటర్ మీద పల్స్ 118 నుంచి 90ల్లోకి దిగింది. నేను చూసింది మానిటర్ కాదులెండి, ఆయన నుదురు. రెండు కనుబొమల మధ్య ముడి విడిపోయింది. మర్నాటి నుంచి కొడుకు రోజూ యార్డు రేట్లు కాగితం మీద రాసుకొచ్చేవాడు.

మీ నాన్నగారికి అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. టైలరైతే బట్ట, మాస్టారైతే పదో తరగతి రిజల్టు, క్రికెట్ పిచ్చి ఉంటే నిన్నటి స్కోరు. కబురు చెప్పి ఊరుకోకండి, ఆయన అభిప్రాయం అడగండి, ఆయన తేల్చాల్సిన విషయం ఒకటి తీసుకెళ్లండి. "గేదెని అమ్మమంటావా, ఉంచమంటావా?" లాంటిది. అప్పులు, గొడవలు, ఆస్తి పంపకాలు కావు, బుర్రకి పని పెట్టే చిన్న నిర్ణయం. ఆలోచన అటు పోయినంతసేపూ భయానికి చోటు తగ్గుతుంది.

మాటలకి ఓపిక లేని రోజున ఆయన్ని ఇంటికి నడిపించండి. కళ్లు మూసుకోమని, చేయి పట్టుకుని, మెల్లగా చెప్పండి. బస్సు దిగాం. రావిచెట్టు అరుగు మీద ఎప్పుడూ ఉండేవాళ్లే కూర్చున్నారు. కుడివైపు తిరిగితే పాల కేంద్రం. మన గేటు కిర్రుమంటుంది, నువ్వు నూనె వెయ్యమని చెబుతూనే ఉంటావు. చెప్పులు విప్పావు, గచ్చు చల్లగా ఉంది. ఇలా ఒక్కో అడుగూ. మీ ఊరు మీకే తెలుసు, నా మాటలు వాడకండి. నిజం వివరం ఎంత ఉంటే మనసు అంతగా అందులోకి పోతుంది. దీన్నే ఫోన్‌లో మీ గొంతుతో పది నిమిషాలు రికార్డు చేసి ఇస్తే, మీరు లేని వేళల్లో వినిపించే సిస్టర్లు ఉంటారు. రికార్డులో ఏడుపు గొంతు లేకుండా చూసుకోండి.

ఫొటో కూడా పనికొస్తుంది. మనవడిదో, ఇంటి ముందు అందరూ కలిసి దిగినదో ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆయన చూపు పడే చోట అంటించమనండి. దేవుడి పటం ఇస్తే ఇవ్వండి, కానీ దండ వేసిన పెద్దల ఫొటోలు మాత్రం తీసుకురాకండి.

ఆడవాళ్ల విషయం కూడా ఒక మాట, చదివే మిగతావాళ్లకి ఉపయోగపడుతుందని చెబుతున్నాను. ఐసీయూలో చేర్చేటప్పుడు నగలన్నీ తీసి ఇంటివాళ్లకి ఇచ్చేస్తాం. మెలకువ రాగానే పెద్ద వయసు ఆవిడ మొదట మెడ తడుముకుంటుంది. పుస్తెలు కనిపించకపోతే ఆ మనసు ఎక్కడికి పోతుందో నేను చెప్పక్కర్లేదు. "నీ పుస్తెలు నా దగ్గరే భద్రంగా ఉన్నాయి, నాన్న బయట కూర్చున్నాడు" అని చెప్పి, తల దువ్వి, బొట్టు పెట్టి చూడండి. ఆ మాట అందక రాత్రంతా గింజుకున్న తల్లులున్నారు.

కఫం లాగడం, రక్తం తీయడం, పక్కకి తిప్పడం, ఈ పనుల ముందు భయం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇలాంటి కొద్దిసేపటి బాధకి మనసు మళ్లించడం బాగా పనిచేస్తుంది. కఫం లాగేటప్పుడు నేను "పది లెక్కపెడతాను, పదికల్లా గొట్టం బయట ఉంటుంది" అని పైకి లెక్కపెట్టేదాన్ని. నిజంగానే అది పది, పదిహేను సెకన్లు దాటకూడదు. ఎప్పుడు అయిపోతుందో తెలిసిన బాధని మనిషి ఓర్చుకుంటాడు. మీరు ఉన్నప్పుడు ఆ పని పడితే, ఉండనిస్తే, చేయి పట్టుకుని మీరే లెక్కపెట్టండి. కానీ "గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టు నాన్నా" అనకండి. మిషన్ ఊపిరి ఇస్తుంటే ఈయన బిగబడితే ఇద్దరికీ పోరాటమే, అలారాలు మోగుతాయి. "మిషన్ ఇస్తోంది, తీసుకో... వదిలెయ్" అని మిషన్ లయతో పాటు చెప్పండి. గొట్టం బదులు ముఖానికి మాస్కు బిగించిన వాళ్లకి కూడా ఇదే. అక్కడ ఊపిరాడనివ్వట్లేదన్న భయం ఇంకా ఎక్కువ. బిగించే ముందు రెండు నిమిషాలు మాస్కుని వాళ్ల చేతే ముఖానికి పట్టుకోనిస్తే చాలామంది కుదుటపడతారు.

ముఖ్యమైన సమయం ఇంకొకటి ఉంది. గొట్టం తీసే ముందు మిషన్ సాయం తగ్గించి, సొంతంగా ఊపిరి తీసుకోగలరా అని అరగంట నుంచి రెండు గంటలు పరీక్ష పెడతారు. ఇంట్లోవాళ్లకి ఎవరూ చెప్పరు దీని గురించి. ఊపిరితిత్తులు సిద్ధంగానే ఉన్నా, భయంతో ఎగశ్వాస వచ్చి పరీక్ష ఆపేయాల్సి వచ్చినవాళ్లని చూశాను. ఆపేస్తే మళ్లీ చాలాసార్లు మర్నాటి మాటే. కాబట్టి డాక్టర్‌ని అడగండి: "ఆ ట్రయల్ ఎప్పుడు పెడతారు సార్, నన్ను ఆ టైమ్‌లో పక్కన ఉండనిస్తారా?" ఒప్పుకుంటే మీ రెండు పావుగంటలూ వదులుకుని అయినా ఆ అరగంట తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆయనకి నచ్చిన పాట ఆ సమయంలో పెట్టమని సిస్టర్‌ని బతిమాలండి.

ఇలా మనసు మళ్లించే ప్రయత్నాలు చేయకూడని స్థితి కూడా ఒకటి ఉంది. ఆయన గోడ మీద పురుగులున్నాయని చూపిస్తున్నా, మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా, పొద్దున బాగుండి సాయంత్రానికి వేరే మనిషిలా మారినా, అది ఉత్త భయం కాదు, డెలిరియం అంటారు. ఐసీయూలో తరచుగా వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే చదువుతూ 'ఏ' వచ్చినప్పుడల్లా చేయి నొక్కమని అడిగి, ఇంకా రెండు మూడు ప్రశ్నలతో, నిమిషాల్లో తేల్చే పరీక్ష డాక్టర్ల దగ్గర ఉంది. మాట రాని మనిషికి కూడా చేయొచ్చు. అలాంటప్పుడు పాటలు, వీడియోలు, ప్రశ్నలు పెడితే గందరగోళం ఇంకా పెరగొచ్చు. లేని పురుగుల గురించి వాదించకండి. పేరు, చోటు, రోజు చెప్పి, చేయి పట్టుకుని ఊరికే కూర్చోండి. డాక్టర్‌కి వెంటనే చెప్పండి.

చేతులు కట్టారని మీకు బాధగా ఉంది, అర్థమవుతోంది. ఆ గొట్టం తనంతట తాను పీక్కుంటే ప్రాణాపాయం, అందుకే కడతారు. కానీ మీరు పక్కన ఉన్నంతసేపూ "నేను చేయి పట్టుకునే ఉంటాను, విప్పుతారా?" అని అడిగితే చాలామంది విప్పుతారు. విప్పిన చేతిని వదలకండి. అరచేయి, వేళ్లు నెమ్మదిగా నొక్కండి. కాలి పిక్కలు మాత్రం పిసకొద్దు. చాలా రోజులు కదలకుండా పడుకున్నవాళ్లకి అక్కడ రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, పిసికితే కదిలిపోయే ప్రమాదం ఉంది.

ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో, పక్కన బొమ్మలతో రాసి ఇవ్వండి: నొప్పి, దాహం, కఫం, పక్కకి తిప్పండి, చలి, ఉక్క, భయంగా ఉంది, మా వాళ్లు ఎప్పుడొస్తారు. చివర 'ఇంకేదో' అని కూడా పెట్టండి. అది లేక, తను చెప్పాలనుకున్నది అట్ట మీద కనిపించక విసుగొచ్చి అట్ట తోసేసినవాళ్లున్నారు. దాహం అని చూపిస్తే మీరు నీళ్లు పోయకండి. సిస్టర్ తడి దూదితో నోరు తుడుస్తుంది, ఆ చల్లదనానికే కళ్లు మూసుకుని హాయిగా నిట్టూరుస్తారు.

ఆయన బొటనవేలితో చూపుడువేలిని రుద్ది చూపిస్తే కంగారు పడకండి, బిల్లు ఎంతయిందని అడుగుతున్నారు. మన నాన్నలందరూ అడుగుతారు. "ఆరోగ్యశ్రీలో అయిపోతోంది" అనో, "నేను చూసుకుంటున్నా, సరిపోయాయి" అనో, నిజమైనదే, ఒక్క ముక్కలో చెప్పి ఆపండి. అబద్ధం చెబితే ముఖంలో తెలిసిపోతుంది. మంచం పక్కన నిలబడి డబ్బు సంగతులు, డాక్టర్ ఏమన్నాడో అన్న సంగతులు గుసగుసలాడకండి. కళ్లు మూసుకుని ఉన్నా వింటారు.

రాత్రుళ్లు మీరు ఉండరు, అసలు కష్టం అప్పుడే. ఆసుపత్రి వార్డుల్లో రాత్రి శబ్దం 30 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఐసీయూలో 50 దాటడం మామూలే. కళ్లకి గంతలు, చెవులకి దూది బిళ్లల్లాంటివి అనుమతిస్తే ఆయన్ని అడిగి పెట్టమనండి. సాయంత్రం వచ్చేసేటప్పుడు "ఇప్పుడు రాత్రి కాబోతోంది, పడుకో, పొద్దున పదిన్నరకి వస్తాను" అని టైమ్‌తో సహా చెప్పండి. ఎదురుగా గడియారం ఉంటే చూపించండి. చెప్పిన టైమ్‌కి తప్పకుండా వెళ్లండి.

ఇంకో చిన్న పని. ఒక నోటుబుక్ కొని రోజూ నాలుగు లైన్లు ఆయనకే రాయండి, ఎవరు వచ్చారు, ఏం జరిగింది, బయట వాన పడిందా లేదా. స్కాండినేవియా దేశాల్లో నర్సులే దశాబ్దాలుగా ఇలా రాస్తున్నారు. యూరప్‌లో 12 ఆసుపత్రుల్లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంటికి వెళ్లాక ఆ డైరీ చదువుకున్నవాళ్లలో ఐసీయూ పీడకలల జబ్బు కొత్తగా వచ్చింది 5 శాతం మందికి, డైరీ అందనివాళ్లలో 13 శాతం మందికి. బయట కుర్చీలో గంటలు గంటలు కూర్చునే మీకు కూడా చేతికి పని ఉంటుంది.

రేపు పొద్దున వెళ్లేటప్పుడు కళ్లద్దాలు, అట్ట, హెడ్‌ఫోన్ తీసుకెళ్లండి. కళ్లద్దాల డబ్బా మీదా, ఫ్రేమ్ లోపలివైపూ ప్లాస్టర్ ముక్క అంటించి పేరు, బెడ్ నంబర్ రాయండి. దుప్పట్లు మార్చేటప్పుడు వాటితో పాటు లాండ్రీకి వెళ్లిపోతుంటాయి. ఆయన ఏ పాటకి వేలు ఎత్తారో, గొట్టం తీసే ట్రయల్ గురించి డాక్టర్ ఏమన్నారో నాకు రాయండి, దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.